కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదిలో ఉన్న హాకీ స్టార్: ఉంచుకోవాలా, అమ్మేయాలా, వదిలేయాలా?

2025 మే 3 రాత్రి డల్లాస్‌లో స్టార్స్‌కీ కొలరాడో అవలాంచ్‌కీ ఏడో మ్యాచ్. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో నాకౌట్ దశ, అంటే ప్లేఆఫ్స్. ఓడినవాళ్ళు ఇంటికే. మూడో పీరియడ్ మొదట్లో డల్లాస్ 0-2తో వెనకబడింది. ఆ తర్వాత మికో రాంటనెన్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. డల్లాస్ 4-2తో గెలిచింది. చిత్రమేంటంటే, 99 రోజుల కిందటి దాకా అతను కొలరాడో ఆటగాడే. జనవరి 24న వాళ్ళే అతన్ని కరోలినాకి అమ్మేశారు. కరోలినా 13 మ్యాచ్‌లు ఆడించి మార్చి 7న డల్లాస్‌కి పంపేసింది.

మ్యాచ్ అయిన ఐదు నిమిషాలకి మిసిసాగా నుంచి మా బావమరిది ఫోన్. వాడు టొరంటో మేపుల్ లీఫ్స్ భక్తుడు, నేను ఫ్రిస్కోలో ఉంటాను కాబట్టి డల్లాస్ పక్షం. "బావా, ఇతను మావాడు కావాల్సింది!" అని మొదలుపెట్టాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒకటే వాదన. స్టార్ కాంట్రాక్ట్ ముగింపుకి వస్తుంటే జీఎం, అంటే జట్టు జనరల్ మేనేజర్, ఏం చేయాలి? సంతకం చేయించుకుని ఉంచుకోవాలా, ముందే అమ్మాలా, సీజన్ మధ్యలో అమ్మాలా, లేక లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పు కోసం ఆడించి జూలైలో చేతులు దులుపుకోవాలా? ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈ నాలుగు దారుల్లోనూ నడిచిన జట్లున్నాయి, ఏ దారిలో ఎవరికి ఏం మిగిలిందో చూసుకోవచ్చు.

ఐపీఎల్ చూసేవాళ్ళకి సగం విషయం తెలిసినట్టే. 2025 మెగా వేలంలో ఒక్కో జట్టుకి 120 కోట్ల పర్స్ ఉన్నట్టే ఇక్కడ జీతాల మీద ఒక పరిమితి ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. 2024-25లో అది 88 మిలియన్ డాలర్లు, 2025-26లో 95.5, 2026-27కి 104. తేడా ఏంటంటే, ఐపీఎల్‌లో మూడేళ్ళకోసారి మెగా వేలం వచ్చి బల్ల మీది లెక్కలన్నీ చెరిపేస్తుంది. హాకీలో అలాంటి అదృష్టం లేదు. ఇవాళ ఎనిమిదేళ్ళకి చేసిన సంతకం ఎనిమిదేళ్ళూ మెడలోనే ఉంటుంది.

మూడు తేదీలు

ఏ స్టార్ గురించి వాదించే ముందైనా మూడు తేదీలు వెతకండి. నా లెక్కలో అతని గోల్స్, పాయింట్లు (గోల్స్, గోల్స్‌కి అందించిన పాసులు కలిపి) ఈ తేదీల తర్వాతే.

ఒకటి, కాంట్రాక్ట్ ముగియడానికి ఏడాది ముందు వచ్చే జూలై 1. ఆ రోజు నుంచే జట్టు అతనితో కొత్త ఒప్పందం చేసుకోవచ్చు. అతని మనసులో ఏముందో తెలిసేది అప్పుడే. రెండు, మార్చి మొదట్లో వచ్చే ట్రేడ్ గడువు. ఇక్కడ అమ్మడమంటే డబ్బుకి కాదు, వేరే ఆటగాళ్ళకో, కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే హక్కులకో (డ్రాఫ్ట్ పిక్కులు) మార్చుకోవడం, అదే ట్రేడ్. అది దాటాక అమ్మినా కొన్న జట్టు ప్లేఆఫ్స్‌లో ఆడించుకోలేదు కాబట్టి ఎవరూ కొనరు. మూడోది అందరూ మర్చిపోయేది, నో-మూవ్ క్లాజ్ అమల్లోకి వచ్చే రోజు. ఆటగాడికి 27 ఏళ్ళు నిండాక గానీ, లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయ్యాక గానీ ఈ రక్షణ పెట్టుకోవచ్చు. అది మొదలైందంటే అతను ఒప్పుకోకుండా ఎక్కడికీ పంపలేరు. అంటే అంతవరకూ తాళంచెవి జట్టు దగ్గర ఉంటుంది, ఆ మర్నాటి నుంచి ఆటగాడి జేబులో ఉంటుంది.

టొరంటో కథంతా ఈ మూడో తేదీలోనే ఉంది. మిచ్ మార్నర్ 2019లో ఆరేళ్ళకి, ఏడాదికి 10.9 మిలియన్ల చొప్పున సంతకం చేశాడు. నో-మూవ్ 2023 జూలై 1న మొదలయ్యేది. ఆ మే నెలలో జట్టు జీఎం కైల్ డూబస్‌ని పంపేసింది, మే ఆఖర్లో బ్రాడ్ ట్రెలివింగ్‌ని తెచ్చుకుంది. కొత్త అల్లుడికి ఇంటి గదులు తెలిసేలోపే నెల గడిచిపోయింది, తలుపు మూసుకుపోయింది. 2025 మార్చిలో మార్నర్‌ని కరోలినాకి ఇచ్చి రాంటనెన్‌ని తెచ్చుకోవాలని చూశారని, మార్నర్ ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. మా బావమరిది బాధ అదే. ఆ సీజన్‌లో 102 పాయింట్లు చేసిన ఆటగాడికి బదులు జూన్ 30న టొరంటోకి దక్కింది నికొలా రాయ్ ఒక్కడు. మార్నర్ ఎనిమిదేళ్ళకి, ఏడాదికి 12 మిలియన్లకి సంతకం పెట్టి వేగాస్ వెళ్ళిపోయాడు.

మార్నర్‌ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. కాంట్రాక్ట్‌లో రాసి ఇచ్చిన హక్కునే అతను వాడుకున్నాడు. ఆ హక్కు రాసి ఇచ్చింది జట్టే కదా.

ముందే అమ్మడం

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం అంటే ఇదే. మంచి ఉదాహరణ కాల్గరీ. నేర్చుకోవాల్సింది కూడా ఆ అమ్మకం నుంచే, ఎందుకంటే అక్కడ బేరం అద్భుతంగా కుదిరింది, ఫలితం మాత్రం దారుణం.

2022 జూలైలో జానీ గోడ్రో పైసా ప్రతిఫలం లేకుండా కొలంబస్ వెళ్ళిపోయాడు. ముందటి సీజన్‌లో 115 పాయింట్లు చేసినవాడు. వారం రోజులకే 104 పాయింట్ల మాథ్యూ టకాచుక్ తను దీర్ఘకాలం ఉండనని చెప్పేశాడు. అప్పుడక్కడ జీఎం ఎవరనుకున్నారు? ఈ ట్రెలివింగే. ఈసారి అతను ఆలస్యం చేయలేదు. టకాచుక్‌తో ఎనిమిదేళ్ళకి, ఏడాదికి 9.5 మిలియన్లకి సంతకం పెట్టించి మరీ ఫ్లోరిడాకి పంపాడు. బదులుగా 115 పాయింట్ల జొనాథన్ ఊబర్డో, డిఫెన్స్‌లో మెకెంజీ వీగర్, ఒక కుర్రాడు, ఒక మొదటి రౌండ్ పిక్ తెచ్చాడు. ఆ వారం చూసినవాళ్ళంతా ఫ్లోరిడా మోసపోయిందన్నారు. నేనూ అన్నాను.

తర్వాత ఏమైంది? ఊబర్డో కాల్గరీ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే అతనితో ఎనిమిదేళ్ళకి, ఏడాదికి 10.5 మిలియన్లకి రాయించుకున్నారు. మొదటి సీజన్‌లో అతను చేసింది 55 పాయింట్లు. 2023, 2024, 2025 మూడేళ్ళూ కాల్గరీ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అదే మూడేళ్ళూ ఫ్లోరిడా ఫైనల్ ఆడింది, చివరి రెండూ గెలిచింది.

కాబట్టి ముందే అమ్మాలనుకునేవాళ్ళకి నా మొదటి హెచ్చరిక: తప్పు అమ్మడంలో జరగలేదు, వచ్చినవాడితో ఆ వెంటనే రాసుకున్న కాంట్రాక్ట్‌లో జరిగింది. 24 ఏళ్ళవాణ్ణి ఇచ్చి 29 ఏళ్ళవాణ్ణి తెచ్చుకుని, అతనికి 38 ఏళ్ళు వచ్చేదాకా జీతం రాసిచ్చారు. గోడ్రో పోయిన భయం ఆ సంతకంలో కనిపిస్తుంది. ఒకసారి పాలతో నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. కాల్గరీ ఊదుకోకుండానే గటగటా తాగేసింది.

బఫలో జాక్ ఐకెల్‌ని అమ్మిన తీరు ఇంకో రకం. అక్కడ గొడవ డబ్బుది కాదు, మెడ ఆపరేషన్‌ది. ఎముకలు అతికించే పాత పద్ధతి చాలని జట్టు డాక్టర్లు, కృత్రిమ డిస్క్ పెట్టించుకుంటానని అతను. 2021 సెప్టెంబర్‌లో కెప్టెన్సీ తీసేశారు, నవంబర్‌లో వేగాస్‌కి ఇచ్చేశారు. వచ్చింది అలెక్స్ టక్, పేటన్ క్రెబ్స్, రెండు పిక్కులు. ఐకెల్ తను కోరిన ఆపరేషనే చేయించుకుని 2023లో కప్పు గెలిచాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు అతనివే. టక్ న్యూయార్క్ రాష్ట్రంవాడు, చిన్నప్పటినుంచి బఫలో అభిమాని, ఆటా బాగానే ఆడాడు. ఐకెల్‌తో వాళ్ళకి రాజీ కుదిరే దారి లేకపోయింది కాబట్టి ఆ బేరాన్ని నేను తప్పు పట్టను. దానికి ముందు అన్ని నెలలు సాగదీయడాన్నే తప్పు పడతాను.

వాంకూవర్ మాత్రం ఈ విషయంలో తేదీ చూసుకుంది. కెప్టెన్ క్విన్ హ్యూస్ కాంట్రాక్ట్ 2027 దాకా ఉండగానే, 2025 డిసెంబర్‌లో మినెసోటాకి పంపి మార్కో రోసీ, జీవ్ బుయమ్, లియామ్ ఓగ్రెన్, ఒక మొదటి రౌండ్ పిక్ తీసుకుంది. కొన్నవాడికి ఏడాదిన్నర ఆట మిగిలి ఉంది కాబట్టే ఆ ధర పలికింది. కప్పు గెలిచే స్థితిలో లేని జట్టుకి ఇంతకంటే మంచి దారి నాకు కనపడదు, అభిమానుల గుండె పగిలినా సరే.

మార్చి దాకా చూసి అమ్మడం

దీన్నే రెంటల్ అంటారు, అద్దె ఆటగాడు. కొనేవాడికి మూడు నెలలే దక్కుతాడు కాబట్టి ధర తక్కువ. బాస్టన్ కెప్టెన్ బ్రాడ్ మార్చాండ్‌ని 2025 మార్చి 7న ఫ్లోరిడాకి ఇస్తే బాస్టన్ చేతికి వచ్చింది షరతుతో కూడిన ఒకే ఒక్క పిక్. అతను ప్లేఆఫ్స్‌లో 10 గోల్స్ కొట్టాడు, ఫ్లోరిడా కప్పు గెలిచింది, ఆ పిక్ రెండో రౌండ్ నుంచి మొదటి రౌండ్‌కి పెరిగింది. 36 ఏళ్ళ ఆటగాడికి అది మంచి ధరే.

ఇక్కడ డ్రాఫ్ట్ పిక్కుల గురించి ఒక మాట. 2028 మొదటి రౌండ్ పిక్ అంటే ఇప్పుడు హైస్కూల్లో ఉన్న ఎవరో పిల్లాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా వాట్సాప్ గ్రూపులో రెండు మొదటి రౌండ్ పిక్కులు అనగానే చప్పట్లు కొట్టేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను: ఆ పిక్ ఇచ్చే జట్టు ఎంత మంచిది? డల్లాస్ లాంటి జట్టు ఇచ్చే మొదటి రౌండ్ పిక్ అంటే వరసలో ఆఖరున వచ్చేది.

అందుకే కరోలినా బేరం నాకు నచ్చింది. రాంటనెన్ సంతకం చేయడని తేలగానే 13 మ్యాచ్‌ల పరువు గురించి ఆలోచించకుండా అమ్మేసి, రెండు మొదటి రౌండ్ పిక్కులు, రెండు మూడో రౌండ్ పిక్కులతో పాటు లోగన్ స్టాన్‌కోవెన్‌ని పట్టుకుంది. ఆడుతున్న కుర్రాడు, కళ్ళకి కనపడే సరుకు. ముందటేడు జేక్ గెంజెల్ విషయంలో అదే కరోలినాకి చివరికి మిగిలింది ఒక మూడో రౌండ్ పిక్. పాఠం ఒక్క ఏడాదిలో నేర్చుకున్నారు. కొత్త కాంట్రాక్ట్ రాయడానికి స్టాన్‌కోవెన్ దగ్గరికి వాళ్ళు వెళ్ళింది కూడా ఆ జూలైలోనే.

సంతకం చేయించి ఉంచుకోవడం

ఎన్ని మిలియన్లు అని కాకుండా క్యాప్‌లో ఎంత శాతం అని చూడండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం వాదనలు తగ్గుతాయి. 2025-26లో రాంటనెన్ 12 మిలియన్లు అంటే 12.6 శాతం. ఊబర్డో కాంట్రాక్ట్ మొదలైన 2023-24లో క్యాప్ 83.5 కాబట్టి అతని 10.5 కూడా సరిగ్గా 12.6 శాతమే. ఒకే ధర! కానీ ఒకరు 36 ఏళ్ళకి ముగిస్తారు, ఇంకొకరు 38కి. పైగా రాంటనెన్ కాంట్రాక్ట్ క్యాప్ ఏటా పెరిగే రోజుల్లో మొదలైంది.

ఆ పెరుగుదలే అన్నిటికంటే పెద్ద జూదం. టొరంటో 2018లో జాన్ టవారెస్‌కి ఏడాదికి 11 మిలియన్లు ఇచ్చినప్పుడు, తర్వాత ఆస్టన్ మాథ్యూస్‌కి, మార్నర్‌కి రాసినప్పుడు, క్యాప్ ఏటేటా పెరుగుతుందనే లెక్క వేసుకుంది. కోవిడ్ వచ్చింది. 81.5 దగ్గర మూడు సీజన్లు గడ్డకట్టుకుపోయింది. నైలాండర్‌తో కలిపి నలుగురికే 40 మిలియన్లు దాటితే మిగతా జట్టంతా మిగిలిన సగంలో సర్దుకోవాల్సి వచ్చింది. మార్నర్ ఉన్న తొమ్మిదేళ్ళూ ప్లేఆఫ్స్ ఆడారు, గెలిచిన సిరీస్‌లు రెండు. ఇప్పుడు గాలి తిరిగింది. కిరిల్ కప్రిజోవ్‌కి మినెసోటా ఏడాదికి 17 మిలియన్లు రాసిచ్చింది, 104 క్యాప్‌లో అది 16 శాతం పైనే. ఈ పెరుగుదల ఇలాగే సాగితే తెలివైన పని, ఆగితే టొరంటో కథే మళ్ళీ.

పన్ను మాట కూడా చెప్పుకోవాలి, మా బావమరిదికి నచ్చని టాపిక్ ఇది. టెక్సస్, ఫ్లోరిడా, నెవాడా, టెనెసీలలో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. ఒంటారియోలో పై ఆదాయం మీద పన్ను 53 శాతం దాటుతుంది. బయటి ఊళ్ళలో ఆడిన మ్యాచ్‌లకి ఆయా చోట్ల పన్ను కట్టాలి కాబట్టి తేడా పేపర్ మీద కనిపించినంత ఉండదు. ఉన్నంతలోనే అది మిలియన్లలో ఉంటుంది. డల్లాస్‌లో ఐటీ ఉద్యోగం ఎందుకు తీసుకున్నామో మనవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు, రాంటనెన్‌కీ అంతే.

కొలరాడో సంగతి చూడండి. రాంటనెన్‌కి అంత ఇవ్వలేమని అమ్మారు. బదులుగా వచ్చిన మార్టిన్ నేచస్‌కి 2025 అక్టోబర్‌లో రాసిచ్చింది ఏడాదికి 11.5 మిలియన్లు. మిగిలింది అర మిలియన్. ఆ అర మిలియన్ కోసం ఏడో మ్యాచ్‌లో మూడు గోల్స్ తిన్నారని అనడం అన్యాయమే, జాక్ డ్రూరీ కూడా వచ్చాడు, నేచస్ వయసులో రెండేళ్ళు చిన్న. అయినా అనకుండా ఉండలేను.

ఇంకో మార్పు గుర్తుంచుకోండి. ఇన్నాళ్ళూ సొంత జట్టు ఎనిమిదేళ్ళు, బయటి జట్టు ఏడేళ్ళు ఇవ్వగలిగేది. 2026 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఒప్పందంలో అది ఏడు, ఆరు అవుతుంది. ఇక ఊబర్డోలా 38 దాకా సాగే కాగితాలు కొంత తగ్గుతాయి.

ఏమీ చేయకుండా వదిలేయడం

అన్నిటికంటే చెడ్డ దారి ఇదే అనుకుంటారు అభిమానులు. నేను ఒప్పుకోను.

న్యూయార్క్ ఐలాండర్స్ కెప్టెన్ టవారెస్ 2018 జూలై 1న టొరంటో వెళ్ళిపోతే ఐలాండర్స్‌కి దక్కింది సున్నా. తర్వాతి ఫిబ్రవరిలో అతను తిరిగొచ్చినప్పుడు ప్రేక్షకులు మంచు మీదికి ప్లాస్టిక్ పాములు విసిరారు. అంత కోపం. కానీ బ్యారీ ట్రాట్జ్ కోచింగ్‌లో ఆ జట్టు అదే ఏడాది లీగ్ పట్టికలో 103 పాయింట్లు చేసి, పిట్స్‌బర్గ్‌ని నాలుగు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపింది. 2020, 2021లో ఫైనల్‌కి ఒక్క మెట్టు కిందదాకా వెళ్ళింది. 11 మిలియన్ల ఖాళీ క్యాప్ కూడా ఆస్తే.

టాంపా అయితే కావాలనే ఈ దారి పట్టింది. రెండు కప్పులు ఎత్తిన కెప్టెన్ స్టీవెన్ స్టామ్‌కోస్‌ని 2024లో నాష్‌విల్ వెళ్ళనిచ్చి, ఆ డబ్బుతో గెంజెల్‌ని తెచ్చుకుంది. మరుసటి సీజన్‌లో గెంజెల్ 41 గోల్స్ కొట్టాడు, స్టామ్‌కోస్ 27. నాష్‌విల్ ప్లేఆఫ్స్‌కే రాలేదు.

కప్పు గెలిచే అవకాశం నిజంగా ఉన్న ఏడాదిలో స్టార్‌ని మార్చిలో అమ్మడం మూర్ఖత్వం. సొంత ఆటగాణ్ణే అద్దెకి తెచ్చుకున్నాననుకుని ఆడించాలి. అవకాశం ఉందా లేదా అని తనకి తాను అబద్ధం చెప్పుకోకుండా ఉండడమే జీఎంకి కష్టం.

జెర్సీ మీద సి అక్షరం

కెప్టెన్‌ని అమ్మితే డ్రెస్సింగ్ రూమ్ చచ్చిపోతుందని ప్రతి ట్రేడ్ అప్పుడూ వినిపిస్తుంది. పైన చెప్పినవాళ్ళలో టవారెస్, ఐకెల్, మార్చాండ్, స్టామ్‌కోస్, హ్యూస్ ఐదుగురూ కెప్టెన్లు, లేదా నిన్నటిదాకా కెప్టెన్లు. హార్దిక్ పాండ్యా ముంబై వచ్చినప్పుడు స్టేడియంలో వినపడిన అరుపులు గుర్తున్నాయి కదా. కెప్టెన్సీ మార్పు అభిమానికి తగిలినంత గట్టిగా ఆటలో తగలాలని లేదు. టాంపాలో విక్టర్ హెడ్‌మన్ కెప్టెన్ అయ్యాడు, ఇల్లు కూలిపోలేదు.

కెప్టెన్సీకి నిజంగా విలువ ఉండేది వేరే చోట. 2013 నుంచి డల్లాస్ కెప్టెన్ జేమీ బెన్. ఏడాదికి 9.5 మిలియన్ల కాంట్రాక్ట్ ముగిశాక 2025లో ఒక్క మిలియన్ మూల జీతానికి, పైన బోనస్‌లకి ఏడాది సంతకం చేశాడు. టవారెస్ కూడా 11 నుంచి 4.38కి దిగి టొరంటోలోనే ఉన్నాడు, కెప్టెన్సీ ముందే మాథ్యూస్‌కి ఇచ్చేశాక కూడా. సి అక్షరానికి జీతం పెంచి ఇచ్చిన జట్టు నష్టపోతుంది, సి ఉన్నవాడు తనంతట తాను తగ్గించుకుంటే లాభపడుతుంది. అది ముందుగా లెక్కలో వేసుకునేది కాదు, వస్తే కళ్ళకద్దుకోవాలి.

నా ఓటు

కాంట్రాక్ట్ ముగియడానికి ఏడాది ముందటి జూలైలో స్టార్ సంతకం చేయకపోతే, జట్టు మొదటి ఎనిమిదింటిలో లేకపోతే, ఆ వేసవిలోనే అమ్మేయండి. సగం జీతం మీరే భరించైనా సరే, కొనేవాళ్ళు పెరుగుతారు, ధర పెరుగుతుంది. జట్టు కప్పుకి దగ్గర్లో ఉంటే జూన్ దాకా ఆడించండి, ఉత్తి చేతులతో మిగిలితే మిగిలారు. 28 లోపు వయసుంటే, 13 శాతం లోపు ధరకి దొరికితే, ఆలోచించకుండా ఉంచుకోండి. 30 దాటినవాడికి ఎనిమిదేళ్ళు రాయమంటే ఆ కాగితం ఇంకొకళ్ళని రాసుకోనివ్వండి. మార్చిలో అమ్మడాన్ని నేను ఆఖరున పెడతాను. అది కరోలినాలా బేరం తెలిసినవాళ్ళకే నప్పుతుంది.

ఈ కొలతలన్నీ లొంగని కేసు ఒకటుంది. కానర్ మెక్‌డేవిడ్ 2025 అక్టోబర్‌లో ఎడ్మంటన్‌తో రెండేళ్ళకే, ఏడాదికి 12.5 మిలియన్లకే సంతకం చేశాడు. రెండుసార్లు వరసగా ఫైనల్లో ఓడిన జట్టు, ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు, అడిగితే ఇంకెంతైనా ఇచ్చేవాళ్ళు. డబ్బు వదులుకుని తాళంచెవి తీసుకున్నాడు. 2027 జూలై 1న అతను పెన్ను పట్టుకోకపోతే ఎడ్మంటన్ ఏం చేయాలో నాకు తెలియదు. మా బావమరిదికి తెలుసట. మెక్‌డేవిడ్ పెరిగిన న్యూమార్కెట్ టొరంటోకి ముప్పావుగంట దూరమేనని, 2028కి జెర్సీ ఆర్డర్ పెట్టేస్తున్నానని మొన్న ఆదివారం చెప్పాడు.